నల్లత్రాచు, కట్లపాము ఒకటేనా?

సందేహం: మా కోనసీమ లంక ఊళ్లలో నల్లగా కనిపించిన ప్రతి పామునూ కొందరు నల్లత్రాచంటారు, కొందరు కట్లపామంటారు. పెద్దవాళ్లు కృష్ణసర్పం అంటారు. మూడూ ఒకటేనా? రాసేటప్పుడు ఏ మాట వాడాలి?

సమాధానం: కాదు. నల్లత్రాచు, కృష్ణసర్పం రెండూ నాగుపాము పేర్లే. కట్లపాము వేరే జాతి. త్రాచుకు గుర్తు రంగు కాదు, పడగ. గోధుమత్రాచు అనే మాట ఉండనే ఉంది కదా! పడగ చూడకుండా నల్లత్రాచని రాయకండి. చేలగట్ల మీద ఎలకల కోసం తిరిగే జెర్రిగొడ్డు (జెర్రిపోతు) కూడా నల్లగా ఉండవచ్చు. దానికి కళ్లు పెద్దవి, మెడ సన్నం, పెదాల మీద నిలువు నల్లగీతలు. పడగ ఉండదు, విషమూ లేదు.

‘కట్లు’ అంటే ఒంటిమీది అడ్డచారలు. కట్లపాము నిగనిగలాడే నలుపు, లేదా నీలినలుపు. దానిమీద సన్నటి పాలతెలుపు చారలు, తరచు జంటలుగా. మెడ దగ్గర అవి ఉండవు, ఉన్నా చుక్కల్లా ఉంటాయి. తోకవైపు తేటగా కనిపిస్తాయి. తికమకంతా ఇక్కడే. ఇళ్లలో దూరే, విషంలేని చిన్న గోధుమరంగు పాముకూ చారలుంటాయి. కాని అవి మెడ దగ్గరే కొట్టొచ్చినట్టు కనిపించి తోకవైపు మాసిపోతాయి. కుబుసం విడిచే ముందు కట్లపాము చారలూ మసకబారతాయి. అప్పుడు వెన్ను నడిమి వరుసలో పెద్దగా, ఆరు పలకలుగా ఉండే పొలుసులే ఆధారం. వాటిని ఫొటోలో చూడాలి గాని దగ్గరికెళ్లి కాదు. ఇక నీరుకట్టు పేరులో ‘కట్టు’ ఉందని దాన్ని ఈ జాతిలో కలపకండి. కాలవల్లో పగలు తిరిగే ఆ పాముకు విషం లేదు.

నలుపు, పసుపు పట్టీలు వెడల్పుగా ఉంటే అది బంగారుపాము, కట్లపాముకు దాయాది. 1796లో స్కాట్లండ్ వైద్యుడు ప్యాట్రిక్ రసెల్ మన తీరం పాముల గురించి రాస్తూ ఈ తెలుగు పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాడు. శాస్త్రజ్ఞులు ఈ పాముల కుటుంబానికి వాడే ‘బంగారస్’ అనే పేరు అందులోంచి వచ్చిందే. నల్లటి కట్లపాముకూ అదే ఇంటిపేరు!

ఆసుపత్రిలో మాత్రం పేరుకన్నా చూసింది చెప్పడం మేలు: పడగ విప్పిందా, చారలున్నాయా, కరిచినప్పుడు పగలా రాత్రా, నేలమీద పడుకున్నారా? కట్లపాము కాటుకు చాలాసార్లు వాపు, నొప్పి ఉండవు. గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. నాగుకూ కట్లపాముకూ ఇచ్చే విరుగుడు సూది ఒక్కటే కాబట్టి, పేరు తేల్చడానికి పాము వెంట పడనక్కర్లేదు.