ఇంకో ఈతకు పెట్టాల్నా, ఆపాల్నా?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా బిలోలి తాలూకా. నాకు 66 ఏండ్లు. మా నాయన కాలం నుంచి కారవాన్ జాతి వేటకుక్కలు సాదుతున్నం. ఇప్పుడు మోకాళ్లు సహకరిస్తలేవు. నిజామాబాద్‌ల ఉండే కొడుకు అన్నీ అమ్మేయమంటున్నడు. నాలుగేండ్ల ఆడకుక్క ఒకటుంది, మంచి జాతి. దసరాకు ఎదకొస్తది. ఇంకో ఈతకు పెట్టాల్నా?
– ఒక పాఠకుడు

జవాబు: తమ్మీ, నాకు 74. దెగ్లూర్‌ల మా వాకిట్ల ఇప్పటికీ మూడు కుక్కలున్నయి. అందుల రెండు, ఈతలు ఒడిసిన ముసలియి. పండ్లు లేవు, జొన్నరొట్టె మజ్జిగల నానేసి పెట్టాలె. నీ కొడుకు లెక్కల ఈ ఖర్చు ఉండదు. ముసలి కుక్కను కొనేటోడు ఎవడు?

ఇగ ఈత సంగతి. దసరాకు ఎదకొస్తే, 63 రోజులు అటుఇటుగ, డిసెంబర్ల ఈనుతది. మంజీర ఒడ్డు చలి నీకు నేను చెప్పాల్నా? పుట్టిన కూనలకు మొదటి రెండు వారాలు ఒంటి వేడి నిలుపుకునే శక్తి ఉండదు. తల్లి కడుపు కింది నుంచి ఒకటి జారి గోడ పక్కకు దొర్లిందంటే మెత్తగ కుయ్‌మంటది, కాసేపటికి అదీ అనది. అప్పటికి నువ్వు లేసి, కింద కూసొని, దాన్ని అరచేతుల రుద్ది, చన్నుకు అందియ్యాలె. మళ్ల లేవాలె. మోకాళ్లకంటె ముందు నిద్ర ఓడిపోతది మన వయసుల.

కానీ ఈ వయసుకే వచ్చే సుఖం ఒకటుంది, అది నీ కొడుకుకు తెల్వది. ఆరో వారం దాటినంక కూనలు వాకిట్ల ఉరుకుతుంటే, ఎనక కాళ్లు ఏది ఎంత ముందుకు తెచ్చి తోస్తందో చూసి "ఇదీ" అని ఎంచే కన్ను. పిల్లగాండ్లు రంగు చూస్తరు, ధర అడుగుతరు. కుక్కను కుందేలు ఎనక ఇడుసుడు 1972 వన్యప్రాణుల చట్టం కింద నేరం, అయినా నడక చూసే కన్ను అక్కరకు రాకపోలేదు.

అసలు లెక్క ఇది: ఇయ్యాల పుట్టిన కూన పన్నెండేండ్లు బతుకొచ్చు. అప్పటికి నీకు 78. కొన్నోడు ఏడాదికి "కోళ్లను పడుతంది" అని తెచ్చి మన గడపకే కట్టేసి పోతడు. అది చేతికి మరిగిన కుక్క కాదు, గుంజితే నువ్వు పడుతవు. నడుము విరిగితే కొడుకు మాటే గెలుస్తది.

అందుకని మేకలను పాలుకు, అంటే పుట్టిన పిల్లలు పంచుకునే లెక్కన, ఇచ్చినట్టే ఆ ఆడకుక్కను మీ ఊళ్లె నమ్మకమున్న పిల్లగానికి పాలుకు ఇయ్యి. ఈనుడు ఆయన ఇంట్ల. మగకుక్కను ఎంచేది నువ్వు. మొదటి కూన నీది, మిగిలినయి ఆయనయి. వాపసు వచ్చిన కుక్క ఆయన మీదనే అని పెద్దమనుషుల ముంగట ఖరారు చెయ్యి. 2017 నిబంధనల ప్రకారం కుక్కల పెంపకానికి రిజిస్ట్రేషన్ కావాలె, అదీ ఆయన పేరు మీదనే చేయించు. 8 వారాలు నిండని కూనను అమ్మొద్దు, ఒక కుక్కకు జీవితంల 5 ఈతలు మించొద్దు.

ముసలి ఆడకుక్కల మీద కన్ను ఉంచు. ఎద పోయిన నెల రెండు నెలలకు తిండి మానేసి ఊకె నీళ్లు తాగుతంటే గర్భసంచిల చీము పట్టొచ్చు. అదే రోజు డాక్టర్ దగ్గరికి తీస్కపో, తెల్లారనియ్యకు.

పాలుకు తీసుకునేటోడు దొరకకపోతే ఈతకు పెట్టకు. ఎద ఉన్న ఆ మూడు వారాలు లోపలేసి గడియ పెట్టు. ఊరి మగకుక్కలు గోడ దుంకి వస్తయి.