డెజర్ట్ హాట్ స్ప్రింగ్స్‌లో అద్దెకు ఉండొచ్చా?

ఇంటి నుంచే పని, కాలిఫోర్నియాలో తక్కువ అద్దె కావాలి, వేడినీటి బుగ్గల ఊరు డెజర్ట్ హాట్ స్ప్రింగ్స్ ఎలా ఉంటుందని అడిగారు. ఉండొచ్చు. పక్కనున్న పామ్ స్ప్రింగ్స్ కంటే అద్దెలు తక్కువే. కానీ అద్దె ఒక్కటే చూసి సంతకం పెట్టకండి.

వేసవిలో 43 డిగ్రీలు దాటడం మామూలే. అద్దెలో మిగిలింది కరెంటు బిల్లుకే పోవచ్చు. అద్దె ఇంట్లో హీటింగ్ ఉండాలని రాష్ట్ర చట్టం చెబుతుంది గానీ ఏసీ గురించి అలా చెప్పదు. అందుకే ఏసీ ఉందని, పాడైతే ఓనరే బాగు చేయించాలని అగ్రిమెంటులో రాయించుకోండి. దయచేసి ఇది మాత్రం వదలొద్దు. కూలర్‌తో సరిపెట్టే ఇల్లయితే, ఆగస్టులో గాలిలో తేమ పెరిగిన రోజుల్లో అది పెద్దగా పనిచేయదు.

2024 జూలై 1 నుంచి, కొందరు చిన్న ఓనర్లను మినహాయిస్తే, ఒక నెల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదు. ఖాళీ చేశాక 21 రోజుల్లో లెక్క తేల్చాలి.

ఇక వేడినీళ్లు. శాన్ ఆండ్రియాస్ భ్రంశం (భూమి పొరల్లోని పెద్ద పగులు) లోని ఒక పాయ ఊరి కిందుగా వెళ్తుంది. దానికి ఒకవైపు వేడి ఖనిజ జలం, రెండోవైపు చల్లని మంచినీళ్లు. మామూలుగా కుళాయిలో వచ్చేది ఆ చల్లని నీళ్లే. ఆ వేడి ఖనిజ జలంలో స్నానానికి మామూలుగా స్పా హోటల్‌కి వెళ్లాలి. గాలి, ఇసుక ఎక్కువ. కారు తప్పనిసరి.