కుట్టు తిరగేసి చూస్తే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. క్రాస్ స్టిచ్ (గళ్ళ గుడ్డ మీద ఇంటూ గుర్తులతో వేసే కుట్టు) ఎదుటి వైపు ముచ్చటగానే వస్తోంది, తిరగేస్తే మాత్రం దారాల చిక్కు. అందుకే ఈ సంచికలో ప్రశ్నలన్నీ వెనక వైపు గురించే తీసుకున్నాం.

ప్ర: 14 కౌంట్ (అంగుళానికి 14 గళ్ళు) ఐడా గుడ్డ మీద నెమలి బొమ్మ కుట్టి ఫ్రేమ్ కట్టించాను. అద్దం కింద అక్కడక్కడా బొడిపెలు తేలాయి. ప్రతి రంగుకీ మొదట్లో, చివర్లో ముడి వేశాను. ముడి వేయకపోతే కుట్టు ఊడిపోదా అండీ?
— తెనాలి

జ: ఊడదు. నిజానికి ముడినే నమ్ముకోకూడదు. ఐడా నేతలో గడి గడికీ కంత ఉంటుంది. చిన్న ముడి అయితే ఉతుకులోనో, కాస్త గట్టిగా లాగినప్పుడో ఆ కంతలోంచి ఎదుటికి జారుతుంది. పెద్ద ముడి అయితే అట్ట మీద బిగించినప్పుడు బొడిపెగా తేలుతుంది. పైగా తర్వాత కుట్టే దారం వెళ్ళి దానికే చిక్కుకుంటుంది.

14 కౌంట్‌కి రెండు పోగులు వాడతాం కాబట్టి మీకు అన్నిటికన్నా తేలిక పద్ధతి ఉచ్చు పద్ధతి. ఆరు పోగుల దారంలోంచి ఒక్క పోగు తీయండి. రెండు మూరల పొడవు, అంటే సుమారు 90 సెంటీమీటర్లు ఉండాలి. దాన్ని సగానికి మడిచి, రెండు కొసలూ కలిపి సూది బెజ్జంలోకి ఎక్కించండి. అవతలి చివర ఉచ్చు మిగులుతుంది. వెనక నుంచి సూది పైకి తెచ్చి, ఉచ్చు ఒక అంగుళం వెనకే ఉండగా ఆపి, మొదటి ఏటవాలు కుట్టు వేసి సూదిని కిందికి దించండి. గుడ్డ తిరగేసి సూదిని ఆ ఉచ్చులోంచి దూర్చి మెల్లగా లాగండి. అంతే, దారం తనను తానే పట్టుకుంటుంది. కొస అనేదే ఉండదు, కత్తిరించే పనీ లేదు.

ఇది రెండు చోట్ల పనికిరాదు. ఒకటి, 11 కౌంట్ గుడ్డ మీద మూడు పోగులతో కుట్టేటప్పుడు. బేసి సంఖ్యకు మడత కుదరదు. రెండు, ఒకే దారంలో రంగు ముదురు నుంచి లేతకు మారే రకం దారాలకి. మడిచేసరికి రంగుల వరస చెడుతుంది. అలాంటప్పుడు వెనక ఒక అంగుళంన్నర కొస వదిలి, కుట్టు సాగే దిక్కుగా దాన్ని వేలితో నొక్కి పట్టుకోండి. తర్వాతి నాలుగైదు కుట్లు దాని మీదుగా పోయి బిగించేస్తాయి. రెండు కుట్లు కాగానే ఒకసారి తిరగేసి, కొస నిజంగా వాటి కింద పడిందో లేదో చూసుకోవాలి.

చేతికి ముడి అలవాటు ఎంతకీ పోకపోతే, ముడిని ఎదుటి వైపు వేయండి. కుట్టాల్సిన వరసలోనే ఆరేడు గళ్ళు ముందు సూది దించి, వెనక్కి వచ్చి కుట్టు మొదలుపెట్టండి. వెనకున్న దారాన్ని కుట్లు కప్పుకుంటూ ముడి దాకా వస్తాయి. అక్కడికి రాగానే ముడిని కత్తిరించేయండి.

ముగింపులో సూదిని వెనక నాలుగైదు కుట్ల కింద నుంచి దూర్చి, గుడ్డకు దగ్గరగా కత్తిరించాలి. ఇక్కడ ఎక్కువమంది పొరబడే సంగతి ఒకటుంది. వెనక కుట్లు నిలువు గీతలుగా ఉంటే, కొస అడ్డంగా పోవాలి. నిలువు గీతల కింద నిలువుగా దూర్చిన దారం దేనికీ తగులుకోదు, నాలుగు రోజులకే జారి వస్తుంది. జారుడు స్వభావమున్న జరీ పోగుకీ, రేయాన్‌కీ అయితే చివరి గీతను దాటి వెనక్కి తిప్పి మరో రెండు గీతల కింద దూర్చండి. కొసను పొడుగ్గా వదిలేస్తే పక్క కుట్టు వేసేటప్పుడు సూది దాన్ని ఎదుటికి ఈడ్చుకొస్తుంది. కొసలన్నీ ఒకే చోట దూర్చితే అక్కడ గట్టు కడుతుంది. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పంచండి.

ప్ర: మా అత్తగారు కుట్టిన దాని వెనక అన్నీ నిలువు గీతలే. నాది మాత్రం అడ్డదిడ్డంగా ఉంది. ఎదుటి వైపు ఇద్దరిదీ ఒకేలా ఉంది. తేడా ఎక్కడ?
— కరీంనగర్

జ: సూది ఏ మూల నుంచి ఏ మూలకు వెళ్తోందన్న దాంట్లో. ఎదుట ఒకేలా కనిపించే ఇంటూ గుర్తును ఎన్నో దారుల్లో వేయొచ్చు. వెనక మాత్రం ఏ దారిన వచ్చామో ఉన్నదున్నట్టు కనిపిస్తుంది.

అడ్డ వరసకి ఇలా చేయండి. ఎడమ నుంచి కుడికి పోతూ ప్రతి గడిలో కింది ఎడమ మూలన పైకి వచ్చి, పై కుడి మూలన దిగండి. తర్వాతి గడి కింది ఎడమ మూల, మీరు ఇప్పుడే దిగిన కంతకు సరిగ్గా కిందే ఉంటుంది. కాబట్టి వెనక దారం నిటారుగా దిగుతుంది. వరస చివరికి చేరాక తిరుగు ప్రయాణంలో కింది కుడి మూలన పైకి, పై ఎడమ మూలన కిందికి. అప్పుడూ నిలువు గీతే. పది గళ్ళ వరసలో మొదట పది సగాలు, వస్తూ పది సగాలు.

నిలువు వరస వచ్చినప్పుడు సగాలు వేసుకుంటూ పోకండి. పై నుంచి కిందికి, ఒక్కో ఇంటూని పూర్తి చేసి తర్వాతి దానికి దిగండి. ఇదే వరసను కింది నుంచి పైకి కుడితే ఏమవుతుందంటే, ఇప్పుడే దిగిన కంతలోంచే మళ్ళీ పైకి రావాల్సి వస్తుంది, కుట్టు ఊడి చేతికొస్తుంది. మెట్లలా సాగే డిజైన్లలో వెనక కొంత ఏటవాలు తప్పదు, దాని గురించి దిగులు పడొద్దు.

ఇంటూలో పైన పడే కాలు మాత్రం గుడ్డ మొత్తం మీద ఒకే వైపు వాలాలి. వెనక ఎంత నీటుగా ఉన్నా ఇది తప్పితే ఎదుటి మెరుపు పోతుంది.

ప్ర: తెల్ల గుడ్డ మీద అక్షరాలు కుట్టాను. ఒక అక్షరం నుంచి మరో అక్షరానికి నల్ల దారం నీడలా కనిపిస్తోంది.
— అనంతపురం

జ: ఖాళీ గళ్ళ వెనక నుంచి దారం దాటించారు. లేత గుడ్డ మీద ముదురు దారం దాటకూడదు. మరీ అవసరమైతే మూడు నాలుగు గళ్ళు, అదీ దగ్గరి రంగు దారానికే. ఒక్కో అక్షరాన్నీ విడిగా మొదలుపెట్టి విడిగా ముగించండి. నల్ల గుడ్డ మీద తెల్ల దారానికీ ఇదే. మధ్యలో కుట్లు ఉంటే వాటి కింద నుంచి దూర్చి పోవచ్చు, కానీ లేత రంగు కుట్ల కింద ముదురు రంగు దూర్చకండి, కంతల్లోంచి తొంగిచూస్తుంది.

ప్ర: నా దారం వెనక పదే పదే ముడి పడుతోంది. గుడ్డకు రింగు బిగువుగానే పెడుతున్నాను.
— వరంగల్

జ: రింగుది కాదు తప్పు, పురిది. సూది దించిన ప్రతిసారీ వేళ్ళ మధ్య కాస్త తిరుగుతుంది, ఆ తిరుగుడంతా దారంలోకి ఎక్కుతుంది. ఏడెనిమిది కుట్లకొకసారి గుడ్డను వంచి సూదిని వదిలేయండి. గాలిలో గిరగిరా తిరిగి పురి విప్పుకుంటుంది. మూరెడుకి మించి దారం వాడకండి (ఉచ్చు పద్ధతిలో అయితే మడిచాక మూరెడు), జరీ పోగైతే 30 సెంటీమీటర్లు చాలు. ఆరు పోగుల్లోంచి రెండూ ఒకేసారి గుంజితే అక్కడే పురి మొదలవుతుంది. ఒక్కొక్కటే పైకి లాగి, పక్కపక్కన పరిచి, మళ్ళీ కలుపుకోవాలి. 14 కౌంట్‌కి 24 నంబరు మొండి సూది సరిపోతుంది. వాడి మొన ఉన్న సూది వెనకున్న దారాన్ని చీల్చుకుంటూ పోతుంది, తర్వాత విప్పాలన్నా రాదు.

ప్ర: కిట్‌లో ఒక్కో రంగు ఒక్కో గడిలో చెదురుమదురుగా ఉంది. ప్రతి దానికీ దారం తెంపుతుంటే వెనకంతా కొసలే.
— డల్లాస్

జ: ఇక్కడ పట్టుదల తగ్గించుకోమనే చెబుతాం. గుడ్డ మొత్తం కుట్టుతో నిండే బొమ్మ అయితే కప్పిన కుట్ల కింద నుంచి దారం కాస్త దూరమైనా పోనివ్వండి. నాలుగైదు సూదులు పెట్టుకుని, ఒక రంగు పని అయ్యాక ఆ సూదిని అది మళ్ళీ మొదలయ్యే గడి దగ్గర ఎదుటి వైపుకి తెచ్చి వదిలేయండి. వెనక ఉంటే చిక్కుపడుతుంది. చుట్టూ ఖాళీ ఉన్న ఒంటరి కుట్టుని ఉచ్చుతో మొదలుపెట్టండి. చివర్లో వాడి మొన ఉన్న సూదికి మార్చి, గడి నట్టనడుమ, ఇంటూ కాళ్ళ చాటున, నేతలోని పోగొకటి దాటేంత చిన్న కుట్లు రెండు వేసి వెనక కత్తిరించండి.

ప్ర: ముడులతోనే మొత్తం అయిపోయింది. ఇప్పుడు ముడులు కత్తిరించేయనా?
— రాజమహేంద్రవరం

జ: వద్దు, కత్తిరిస్తే కుట్లు విడిపోతాయి. ఫ్రేమ్ కట్టించేటప్పుడు అట్టకీ గుడ్డకీ మధ్య పల్చని దూది పొర పెట్టించండి, బొడిపెలు అందులో కూరుకుపోతాయి. కుషన్ కవరైతే వెనక లైనింగు వేయండి. ఇస్త్రీ ఎప్పుడూ మందపాటి తుండుగుడ్డ పరిచి, బొమ్మను బోర్లా వేసి వెనక నుంచే. వేలాడే కొసలు సూదికి అందనంత పొట్టిగా ఉంటే, ముందు ఖాళీ సూదిని కుట్ల కింద దూర్చండి. బెజ్జం కొస పక్కకు వచ్చాక దారం ఎక్కించి లాగేయండి.

ప్ర: రెండు వైపులా ఒకేలా కనిపించే కుట్టు ఉందా? పుస్తకంలో పెట్టుకునే గుర్తు కోసం.
— హిందూపురం

జ: మీ పక్క రాష్ట్రం కర్ణాటకలోని ధార్వాడ ప్రాంతపు చేతి కుట్టు కసూతిలో ఉంది. అందులో ముడి వేయరు. మెంతి అనేది మన క్రాస్ స్టిచ్ లాంటిదే. రెండు వైపులా ఒకేలా వచ్చేది గవంతి. గడి విడిచి గడి సాదా కుట్టు వేసుకుంటూ పోయి, వస్తూ ఖాళీలు నింపాలి. గుర్తు మీద డిజైన్ గీతలన్నీ ఇలా వేసుకోండి. క్రాస్ స్టిచ్చే కావాలంటే కుట్టిన పట్టీ వెనక అదే కొలత ఫెల్ట్ ముక్క పెట్టి అంచులు కలిపేయండి.