సమాధానం: స్లీవ్ ఫోయ్ మీద దారి ఎక్కడ తప్పుతుందంటే

ఐర్లాండ్‌లోని స్లీవ్ ఫోయ్ కొండ ఎక్కబోయి, పొగమంచులో దారి తెలియక సగంలోనే దిగొచ్చేశామన్నారు. సరైన పనే చేశారు, బాధపడకండి.

కార్లింగ్‌ఫోర్డ్ ఊరి నుంచి టాయిన్ వే అనే నడకదారి పసుపు గుర్తుల వెంట కనుమ దాకా వెళ్లండి. చిక్కంతా అక్కడే. ఆ గుర్తులు శిఖరానికి పోవు, అవతలి వైపు దిగిపోతాయి. కనుమలో వాటిని వదిలేసి వాయవ్యంగా ఎక్కాలి. పైనంతా గాబ్రో అనే ముదురు రంగు అగ్నిశిలల గుట్టలే. ఒకటి ఎక్కితే వెనక ఇంకొకటి కనిపిస్తుంది. 589 మీటర్లే కదా అని మామూలు బూట్లతో వెళ్లకండి. సముద్రం పక్కనే కాబట్టి మబ్బు చాలా త్వరగా కమ్మేస్తుంది. కాగితం మ్యాప్, దిక్సూచి తప్పనిసరి. డిసెంబర్‌లో నాలుగు దాటితే చీకటే. ఇబ్బందైతే అత్యవసర నంబరు 112కి ఫోన్ చేసి మౌంటెన్ రెస్క్యూ (కొండల్లో చిక్కుకున్నవారిని కాపాడే దళం) కావాలనండి.

తెరిపి రోజున మళ్లీ వెళ్లండి. హిమానీనదం తొలిచిన లోయలో నిండిన సముద్రం, అవతల మోర్న్ కొండలు... నాకైతే దిగబుద్ధి కాలేదు.