చిప్పు ఉన్న ఆట దిమ్మెల ప్రాజెక్టుకు ఐటూసీ బస్సు ఒక్కటే చాలుతుందా?

ఇంజనీరింగు ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా, ఒకదానికొకటి అంటించగానే పనిచేసే ఆట దిమ్మెలు చేయాలనుకుంటున్నామనీ, అన్నిటినీ ఐటూసీ బస్సు (చిప్పులన్నీ ఒకే రెండు తీగల మీద మాట్లాడుకునే ఏర్పాటు) మీద కలిపితే చాలుతుందా అనీ మీరు అడిగారు. తిరుపతిలో చదివేటప్పుడు మా బృందం ఇదే కోవలో ఒక ప్రాజెక్టు చేసింది కనుక ఆ అనుభవంతో చెబుతున్నాను. దిమ్మెలు వెలిగితే చాలనుకుంటే సరిపోతుంది; పిల్లలు కట్టిన ఆకారానికి అర్థం ఉండాలంటే సరిపోదు. బస్సు మీద ఏయే దిమ్మెలు ఉన్నాయో తెలుస్తుందే గానీ ఏది దేని పక్కన ఉందో తెలియదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టి తర్వాత క్యూబ్లెట్స్‌గా మార్కెట్టుకు వచ్చిన రోబ్లాక్స్ (roBlocks) అనే రోబో దిమ్మెలను చూడండి: అందులో ఎవరూ ప్రోగ్రాం రాయనక్కరలేదు, దిమ్మెల అమరికే ప్రోగ్రాం.

అందుకే మేము ప్రతి దిమ్మె తన పొరుగు దిమ్మెతోనే మాట్లాడే పద్ధతిని ఎంచుకున్నాము. ముఖానికి ఐదు కాంటాక్టులు (తగిలితే విద్యుత్తు పారే లోహపు మొనలు) వరుసగా పెట్టి, రెండు చివర్లా గ్రౌండు, నడుమ 5 వోల్టులు, దానికి ఎడమన సంకేతాలు పంపే తీగ, కుడిన అందుకునే తీగ ఉంచాము. రెండు ముఖాలు ఎదురెదురుగా వచ్చినప్పుడు ఒకదాని ఎడమ రెండోదాని కుడికి తగులుతుంది కాబట్టి పంపేది అందుకునేదానితో దానంతటదే కలుస్తుంది. అయస్కాంతాలకూ ఇదే లెక్క. ఎడమన ఉత్తర ధ్రువం, కుడిన దక్షిణ ధ్రువం బయటికి ఉండేలా అతికిస్తే ఏ దిమ్మె అయినా దేనికైనా అంటుకుంటుంది, తలకిందులుగా పెడితే మాత్రం నెట్టేస్తుంది.

చిప్పు విషయంలో పెద్దగా ఆలోచించకండి. ఏటీటైనీ85 అనే చిన్న మైక్రోకంట్రోలరు చిప్పు చాలు; దానికి ఉన్న ఎనిమిది కాళ్లలో విద్యుత్తుకు రెండు, రీసెట్‌కు ఒకటి పోగా ఐదు మిగులుతాయి. రెండు ముఖాలకు నాలుగు, సెన్సరుకో దీపానికో ఒకటి. ప్రోగ్రాం దాచుకునే 8 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీ ఈ పనికి ధారాళంగా సరిపోతుంది. మోటారు దిమ్మెలో మాత్రం విద్యుత్తును కాస్త నిల్వ ఉంచే పెద్ద కెపాసిటరు తప్పనిసరి, లేకపోతే మోటారు కదిలిన క్షణంలో వోల్టేజి పడిపోయి పక్క దిమ్మెలు రీసెట్ అవుతాయి.

అసలు పరీక్ష పిల్లల చేతుల్లోనే జరుగుతుంది. తిరుపతి శివారు మంగళం వైపు ఒక బడిలో దిమ్మెలను ఇచ్చి చూస్తే, ఎవరూ వాటిని తిన్నగా లాగి విడదీయలేదు, చెరుకు గడ విరిచినట్టు వంచి విరిచారు. ఆ బలం కాంటాక్టులుగా పెట్టిన స్ప్రింగు పిన్నుల మీద పడకుండా వాటిని కాస్త లోపలికి దించి, బరువంతా చెక్క అంచు మోసేలా గాడి తీయించాలి. శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాలలో చెక్కపని చేసేవారున్నారు. నమూనా దిమ్మె ఒకటి చేతికిచ్చి చూపించండి, కాగితం మీది కొలతల కన్నా అది త్వరగా అర్థమవుతుంది. (ఎర్రచందనం ఆలోచన మాత్రం వద్దు, ప్రాజెక్టు అటవీశాఖ దాకా వెళుతుంది.) మొదట సెన్సరు, దీపం, మోటారు, ఈ మూడు రకాలే చేసి బడికి తీసుకెళ్లండి, నాలుగో రకం ఏది కావాలో పిల్లలే అడుగుతారు.