తప్పిన రోజుకు బాకీ లేదు

చి. సౌ. స్వాతికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు ట్రయాథ్లాన్‌కి పేరిచ్చావని నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. విన్నప్పటి నుంచి సంతోషమూ ఆగడం లేదు, బెంగా ఆగడం లేదు. ముప్పై తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లలు, ఆఫీసు, మోకాళ్ల నొప్పులతో అత్తగారు. ఇన్నిటి మధ్య 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. మొదటిసారికి స్ప్రింట్ అనే ఈ పొట్టి రకం ఎంచుకోవడం తెలివైన పని. పదహారు వారాల టైముంది, సరిపోతుంది. కానీ అందరికంటే ఆఖరున వస్తానేమోనని అప్పుడే దిగులు పెట్టుకున్నావట. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక కాగితం తీసుకుని లెక్క వెయ్యి. ఈతకి వంద మీటర్లకు 3 నిమిషాల 40 సెకన్లు అనుకో, 750 మీటర్లకి ఇరవై ఏడున్నర నిమిషాలు. సైకిలు గంటకు 20 కిలోమీటర్ల చొప్పున గంట. పరుగు కిలోమీటరుకి 8 నిమిషాలైతే 40 నిమిషాలు. మధ్యలో రెండుసార్లు సామాను మార్చుకోవడానికి మొత్తం 8 నిమిషాలు. అన్నీ కలిపి రెండుంబావు గంటలు. ఇప్పుడు నిర్వాహకులు పంపిన కాగితంలో ఈతకి విడిగా, మొత్తానికి విడిగా ఎంత గడువు ఇచ్చారో చూసి దీని పక్కన రాసుకో. నువ్వు పోల్చుకోవాల్సింది ఆ అంకెతోనే. పక్క లేనులో పాతికేళ్ల కుర్రాడు ఎంతలో ఈదాడన్నది నీకు పనికొచ్చే సమాచారం కాదు. అమెరికాలో మడోనా బ్యూడర్ అనే క్రైస్తవ సన్యాసిని 52 ఏళ్లప్పుడు మొదటి ట్రయాథ్లాన్ చేసింది. 2012లో, 82 ఏళ్ల వయసులో, పూర్తి ఐరన్‌మ్యాన్‌ని, అంటే నీదానికి ఎన్నో రెట్లు పొడవైన ట్రయాథ్లాన్‌ని, 17 గంటల గడువు లోపల ముగించింది. నువ్వింకా చిన్నపిల్లవి.

ఇప్పుడు తిట్టాల్సింది తిట్టేస్తాను. రెండేళ్ల కిందట పది కిలోమీటర్ల పరుగుకని మొదలుపెట్టినప్పుడు ఏం చేశావో గుర్తు తెచ్చుకో. ఐదు వారాలు చక్కగా సాగింది. ఆరో వారం చిన్నాడికి జ్వరం వచ్చి తొమ్మిది రోజులు నువ్వు గుమ్మం దాటలేదు. అది తప్పు కాదు. జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి వదిలేసి పరిగెత్తితే నేనే కోప్పడేవాణ్ణి. తప్పు పదో రోజున మొదలైంది. పోయిన పరుగులన్నీ డైరీలో బాకీలాగా రాసుకున్నావు. వారానికి 14 కిలోమీటర్లు పరిగెత్తేదానివి, ఆ ఒక్క వారంలో 31 పరిగెత్తావు. నాలుగో రోజు ముంగాలి ఎముక లోపలి అంచున నొప్పి వస్తే స్ప్రే కొట్టుకుని ఐదో రోజూ వెళ్లావు. తర్వాత మూడు నెలలు బూట్లు అటక మీదే ఉన్నాయి.

ఎందుకలా అయిందో అర్థమైతే మళ్లీ చెయ్యవు. పది రోజులు మానేస్తే పోయే దమ్ము చాలా తక్కువ. రెండు వారాలు నెమ్మదిగా చేస్తే తిరిగొచ్చేస్తుంది. గుండె, ఊపిరితిత్తులు కొత్త శ్రమకి వారాల్లో అలవాటు పడతాయి. ఎముకకీ, కండను ఎముకకి కట్టిపెట్టే పట్టీలకీ నెలలు కావాలి. అందుకే దమ్ము "ఇంకా పరిగెత్తగలను" అంటున్నప్పుడే కాలు చేతులెత్తేస్తుంది. ఇక మనసు సంగతి. అప్పున్న మనిషి అప్పిచ్చినవాడి వీధిలోంచి నడవడు, చుట్టూ తిరిగి పోతాడు. నీకు బూట్ల మీద అయిష్టం పుట్టింది బద్ధకం వల్ల కాదమ్మా, ఆ డైరీలో పేరుకున్న బాకీ వల్ల. పట్టుదల లేదని నిన్ను నువ్వు తిట్టుకున్నావు చూడు, అది నాకు ఇప్పటికీ బాధే.

కాబట్టి తప్పిన రోజుకు బాకీ లేదు. మూడు రోజుల లోపు తప్పితే, ఇవాళ షెడ్యూల్లో ఏముందో అది చెయ్యి, నిన్నటిది కొట్టేయి. నాలుగు నుంచి పది రోజులు తప్పితే, వచ్చే వారమంతా ప్రతిదీ సగం దూరమే. అంతకు మించితే క్యాలెండర్లో రెండు వారాలు వెనక్కి వెళ్లి అక్కణ్ణించి ఎత్తుకో. నీకే జ్వరం వస్తే, తగ్గాక కనీసం మూడు రోజులు ఆగు. పొద్దున్న మంచం దిగకముందు నాడి చూసుకుని, మామూలు కంటే పది ఎక్కువుంటే ఆ రోజు నడకతో సరి. ఛాతీలో పట్టేసినట్టున్నా, ఆయాసంగా ఉన్నా డాక్టరు సరేననే దాకా ఏమీ వద్దు.

వారానికి నాలుగుసార్లు, మొత్తం ఐదు గంటలు దాటొద్దు. అందులో రెండే తప్పనిసరి: ఒక ఈత, శనివారం సైకిలు. మిగతా రెండూ, అంటే ఇంకో ఈత, ఒక పరుగు, వీలైతేనే. ఈతకి ఎందుకంత పెద్దపీట అంటే అది బలం కంటే ఒడుపు మీద నడిచేది, పది రోజులు నీళ్లకి దూరమైతే చెయ్యి మొద్దుబారుతుంది. శనివారం సైకిలు దిగగానే పది నిమిషాలు పరిగెత్తు. మొదటిసారి కాళ్లు కర్రల్లా ఉంటాయి, కంగారు పడకు, నాలుగు వారాల్లో అలవాటవుతుంది. పరుగు నాలుగు నిమిషాలు, నడక ఒక నిమిషం. పక్కనున్న మనిషితో పూర్తి వాక్యం మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్టే. పోటీ రోజు కూడా ఇదే పద్ధతి.

అసలే మనసు పుట్టని రోజున బట్టలు మార్చుకుని పది నిమిషాలు మాత్రం చెయ్యి. అప్పటికీ వద్దనిపిస్తే ఇంటికొచ్చేయి, ఆ రోజుకి టిక్కు పెట్టుకో. అయితే మూడు వారాలు వరుసగా నీరసంగానే ఉంటే దాన్ని మనసు మీదకి నెట్టకు. రక్తపరీక్ష చేయించు, హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇనుము తక్కువై ఆయాసపడే మనిషికి ఎంత ధైర్యం చెప్పినా కాళ్లు కదలవు.

ఇంట్లో దొంగచాటుగా చెయ్యకు. ఆదివారం రాత్రి అల్లుడుగారితో కూర్చుని వచ్చే వారం నాలుగు టైములూ ఫ్రిజ్ మీద రాసిపెట్టు, పక్కనే ఆయన సొంత టైము రెండు గంటలు కూడా రాయి. ఆయన గంటలు ఎగ్గొట్టి నీవి నిలబెట్టుకుంటే రెండో నెలలో గొడవ ఖాయం. పెద్దదాని పరీక్షల వారం ముందే సగానికి తగ్గించుకో. ఐదింటికి లేవాలంటే పదింటికల్లా పడుకోవాలి. గిన్నెలు పొద్దున్న తోముకోవచ్చు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది నీళ్లు. ఎండిన సొరకాయ బుర్ర నడుముకి కట్టుకుని కాలవలో దిగినప్పుడు నీకు తొమ్మిదేళ్లు. రేవు మెట్టు వదలడానికి నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు వదిలాక ఇంటికి రమ్మంటే రాలేదు. ఆ నాలుగు రోజుల ఓపిక ఇప్పుడు కావాలి. పూల్లో బాగా ఈదేవాళ్లు కూడా చెరువు, సముద్రం లాంటి తెరిచిన నీళ్లలో మొదటి వంద మీటర్లలోనే బెదిరిపోతారు. అడుగు కనపడదు, గోడ ఉండదు, పక్కవాళ్ల చేతులు తగులుతాయి. దాంతో ఊపిరి బిగబట్టేస్తారు. వదలాల్సిన గాలి లోపలే ఉండిపోయి, గాలి చాలడం లేదనిపిస్తుంది. మందు ఒక్కటే: ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కుతో, నోటితో బుడగలు వదులుతూ ఉండు. మొదటి నెలంతా 25 మీటర్లు ఎనిమిదిసార్లు, మధ్యలో 30 సెకన్ల విశ్రాంతితో, ఆ బుడగల కోసమే ఈదు. తర్వాత లోతు వైపున గోడ ముట్టుకోకుండా తిరగడం, ఎనిమిది బారలకోసారి తల ఎత్తి ఎదురుగా చూడటం, ఇద్దరు స్నేహితురాళ్ల మధ్య ఇరుక్కుని ఈదడం నేర్చుకో.

ఏ ఈతైనా ఈదొచ్చు, కప్ప ఈతకీ అభ్యంతరం లేదు. భయమేస్తే వెల్లకిలా తిరిగి ఒక చెయ్యి పైకెత్తు, కాపలా ఉండే చిన్న పడవ, కయాక్, వస్తుంది. ముందుకు కదలనంత వరకు దాన్ని పట్టుకుని సేద తీరడం నిబంధనలకి విరుద్ధం కాదు. ఒక్కటి మాత్రం ప్రాధేయపడుతున్నాను: సాధన కోసమని ఊరి బయట క్వారీ గుంటలోనో చెరువులోనో దిగకు. క్వారీలో అంచు దాటితే నిలువు లోతు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. విశాఖ వెళ్లినప్పుడు ఆర్కే బీచ్‌లో కూడా వద్దు, అక్కడ లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. అలాంటిదాంట్లో ఎప్పుడైనా చిక్కితే ఒడ్డుకి ఎదురీదకు, ఒడ్డు వెంబడి పక్కకి ఈది బయటపడు.

సైకిలు కొత్తది కొనకు, ఉన్న హైబ్రిడ్ చాలు. సీటు ఎత్తు ఇలా చూడు: పెడల్ కింది చివర ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే మోకాలు నిటారుగా రావాలి. మెయిన్ రోడ్డు మీద లారీల మధ్య నేర్చుకోవద్దు, నీకు దగ్గర్లోనే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పున్న 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది. పోటీలో హెల్మెట్ బకిల్ పెట్టాకే సైకిల్ మీద చెయ్యి వెయ్యాలి, దిగి స్టాండులో పెట్టాకే తియ్యాలి.

ముందురోజు కొత్త బూట్లు, కొత్త తిండి ఏవీ వద్దు. పోటీకి రెండున్నర గంటల ముందు మూడు ఇడ్లీలు, అరటిపండు. సైకిలు మీద ఉప్పు వేసిన నిమ్మరసం అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా, గుక్కలుగా. సాధనకి ముందూ తర్వాతా బరువు చూసుకో. తర్వాత బరువు పెరిగిందంటే అవసరానికి మించి తాగావన్నమాట. ఒట్టి నీళ్లు అతిగా పడితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది, అది దాహం కంటే ప్రమాదం.

ఈ ఆదివారం హాల్లో పాత పేపర్లు పరిచి సైకిలు వెనక చక్రం ఊడదీసి ట్యూబు మార్చు. టైరు లివర్లు రెండు, స్పేర్ ట్యూబు, చేతి పంపు ఉంటే చాలు. కొత్త ట్యూబు పెట్టే ముందు టైరు లోపల వేలితో నెమ్మదిగా తడిమి చూడు, పాత ముల్లు అక్కడే ఉంటే రెండో ట్యూబూ పోతుంది. పెద్దదాన్ని పక్కన కూర్చోబెట్టుకో, లివర్లు అందిస్తుంది. మొదటిసారి ముప్పావుగంట పట్టినా ఫర్వాలేదు. అయ్యాక నాకు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య