ఇంగ్లండ్ తోటలకి గుంపుతో వెళ్లాలా?

ప్రశ్న: టీచరుగా రిటైరయ్యాను, వయసు 63. ముప్పై ఏళ్లుగా మేడ మీద కుండీల్లో గులాబీలు పెంచుతున్నాను. ఇంగ్లండ్ తోటలు చూపించే ఎనిమిది రోజుల గ్రూప్ టూర్ ఉందని తెలిసింది. మావారికి మోకాళ్ల నొప్పులు. గుంపుతో వెళ్లాలా, మేమిద్దరమే వెళ్లొచ్చా? ఏ నెల మంచిది? వస్తూ రెండు గులాబీ కొమ్మలు తెచ్చుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: గుంపుతోనే వెళ్లండమ్మా. ఆ తోటల్లో చాలావరకు పల్లెల్లో ఉంటాయి, రైలు దిగాక బస్సు దొరకడం కష్టం, కారు అద్దెకి తీసుకుని ఆ ఇరుకు దారుల్లో నడపడం ఈ వయసులో అనవసరమైన టెన్షన్. అయితే డబ్బు కట్టేముందు రోజుకి ఎన్ని తోటలు చూపిస్తారో అడగండి. రెండుకి మించితే ఆ టూర్ వద్దు. నేను విజయవాడ నుంచి వెళ్లినప్పుడు ఒకే రోజు మూడు పెట్టారు. కెంట్‌లోని సిస్సింగ్‌హర్స్ట్ చూడాలని ఎన్నాళ్లుగానో అనుకుని వెళ్తే దక్కింది గంటా పది నిమిషాలు, అందులో పావుగంట బాత్‌రూమ్ క్యూలోనే పోయింది. ఆ బాధ ఇంకా పోలేదు.

1930లో పాడుబడిపోయి ఉన్న ఆ చోటుని కొని రచయిత్రి వీటా సాక్విల్-వెస్ట్, ఆవిడ భర్త హెరాల్డ్ నికల్సన్ కలిసి వేసిన తోట అది. మనిషి కన్నా ఎత్తున కత్తిరించిన చెట్ల వరసలే గోడలు, వాటి మధ్య గదులు గదులుగా పూలు. ఒక గదిలో అన్నీ తెల్లపూలే, వాటికి తోడు పచ్చటి ఆకులు, బూడిదరంగు ఆకులు, అంతే. మనం ఒక కుండీలో ఎర్రది, పక్కన పసుపుది, ఆ పక్కన గులాబీరంగుది పెట్టేస్తాం కదా, నందివర్ధనం, మల్లె, తెల్ల చామంతి మాత్రమే ఒక మూల పెట్టి చూస్తే ఎంత బావుంటుందో నాకు అక్కడే తెలిసింది. ఇప్పుడు మా మేడ మీద ఒక వైపంతా తెలుపే.

అక్కడికి దగ్గర్లోనే గ్రేట్ డిక్స్‌టర్ ఉంది, రెండూ ఉన్న టూర్ దొరికితే వదలకండి. ఆ తోట యజమాని క్రిస్టఫర్ లాయిడ్ డెబ్బై దాటాక, ఎప్పటినుంచో ఉన్న గులాబీ తోటని పీకించి అరటి, డాలియా, మెట్టతామర వేయించారు. మన కాలవగట్టున ఎవరూ పట్టించుకోని మెట్టతామరే! అక్కడ నా తల కన్నా ఎత్తుగా ఎదిగి, ముదురు రాగిరంగు ఆకులో ఈనెలన్నీ ఎండకి ఎర్రగా మెరుస్తుంటే జనం ఆగి ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు. నేను వెళ్లింది ఆగస్టు చివర్లో కాబట్టి అది చూడగలిగాను, గులాబీల అసలు వైభవం మాత్రం పోయింది. మీరు గులాబీల మనిషి, జూన్‌లో వెళ్లండి. హాంప్‌షైర్‌లో మాటిస్‌ఫాంట్ అని ఒక తోట ఉంది, అందులో పాతకాలపు గులాబీ రకాలు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువభాగం ఏడాదికి ఒక్కసారే పూస్తాయి, అదీ జూన్‌లోనే. టూర్‌లో ఆ పేరు ఉందో లేదో చూసుకోండి.

మీవారి సంగతికొస్తే, దారులు ఎక్కువగా కంకర, ఇటుక, అక్కడక్కడా మెట్లు. చాలా తోటల్లో వీల్‌చెయిర్ ఇస్తారు, ముందే చెప్పి ఉంచమనండి. లండన్‌లోని క్యూ గార్డెన్స్ దాదాపు చదునుగా ఉంటుంది, బెంచీలు ఎక్కువ, ఆయనకి అది హాయి. జూన్‌లోనూ జల్లు పడుతుంది, గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోటు కొనుక్కోండి. తిండికి ఇబ్బంది లేదు, తోటల్లో టీ దుకాణాలుంటాయి, సూప్, తొక్కతోనే ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంప దొరుకుతాయి, కాస్త కారప్పొడి మాత్రం పట్టుకెళ్లండి. వీసాకి ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచీ అప్లై చేయొచ్చు, వేలిముద్రలిచ్చాక మామూలుగా మూడు వారాలు పడుతుంది.

కొమ్మలు మాత్రం తేవద్దు. మొక్క గానీ కొమ్మ గానీ మన దేశంలోకి తేవాలంటే ముందుగా దిగుమతి పర్మిట్, తెగుళ్లు లేవని ఆ దేశం ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి, విత్తనాలకీ ఇవే నియమాలు. తెలియని పురుగో తెగులో మన పొలాల్లోకి రాకూడదనే ఇదంతా, ఒక కొమ్మ కోసం ఆ పని చేయకండి. నచ్చిన మొక్క దగ్గర పేరు రాసిన చిన్న పలక ఉంటుంది, దాన్ని ఫొటో తీసుకుని వచ్చి కడియం నర్సరీల్లో చూపించి అడగండి. నాకు ఒక సాల్వియా అలాగే దొరికింది.